వాయిదాకు తేదీ వేయండి

షోరూములో 60,000 రూపాయల ఫోను చేత్తో పట్టుకున్న మనిషికి సేల్స్‌మన్ ధర చెప్పడు, నెలకెంతో చెబుతాడు. 16 శాతం వడ్డీకి 12 నెలలైతే వాయిదా దాదాపు 5,440 రూపాయలు. 24 నెలలైతే 2,940. రెండోదే చవకనిపిస్తుంది. వడ్డీ మాత్రం సుమారు 5,300 నుంచి 10,500కు ఎగబాకుతుంది. అప్పు చేసి పప్పుకూడు తింటున్నారని జనాన్ని తిట్టడం తేలిక. కానీ ఇక్కడ కొనేవాడి నిగ్రహం కన్నా, అతనికి కాలాన్ని చూపించిన తీరే ఎక్కువ తప్పు చేయిస్తోంది.

దీనికి ఆధారాలున్నాయి. ఆర్థికవేత్తలు రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్‌జీ 1998లో ఒక అమెరికన్ కంపెనీ ఉద్యోగుల చేత ఇప్పటి జీతంలోంచి కాకుండా, రాబోయే ఇంక్రిమెంట్లలోంచి పొదుపు చేస్తామని ముందే ఒప్పించారు. అలా ఒప్పుకున్నవారి పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి పెరిగింది. మనుషులు మారలేదు, కోత పడే రోజు మారిందంతే. పరిశోధకుడు డేనియల్ రీడ్ బృందం 2005లో మరో సంగతి తేల్చింది. డబ్బు ఇన్ని నెలల తర్వాత వస్తుందన్నప్పటి కన్నా, ఫలానా తేదీన వస్తుందన్నప్పుడు జనం ఎక్కువ ఓపిక పట్టారు. అది రాబడి మీద చేసిన ప్రయోగమే అయినా, తేదీ కనబడితే అప్పు తీసుకునేటప్పుడూ ఆలోచన మారుతుందని నా వాదన.

నిగ్రహం పుట్టుకతో రావాలి, తేదీలేం చేస్తాయని కొందరంటారు. తినకుండా ఆగితే రెండో మిఠాయి ఇస్తామంటూ పిల్లలపై మనస్తత్వవేత్త వాల్టర్ మిషెల్ చేసిన పరీక్షే వారికి ప్రమాణం. 2018లో మరింత మంది పిల్లల వివరాలతో దాన్ని మళ్లీ చూస్తే, ఆ ఓపికకూ తర్వాతి చదువుకూ మొదట కనిపించిన సంబంధం సగానికి తగ్గింది. కుటుంబ పరిస్థితులను లెక్కలోకి తీసుకుంటే ఇంకా పలచబడింది. రేపటికి భరోసా ఉన్న ఇంట్లో ఓపిక పట్టడం సులువు.

వాయిదాలే లేకపోతే పేదింటికి ఫ్రిజ్ ఎలా వస్తుందన్నది న్యాయమైన ప్రశ్నే. వాయిదాలు ఉండాల్సిందే, వాటి నిడివి దాచకూడదు. 2024 అక్టోబరు 1 నుంచి రిటైల్ రుణాలకు అసలు ఖర్చంతా చెప్పే పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. క్రెడిట్ కార్డు బాకీలను మాత్రం మినహాయించింది. ఆ మినహాయింపు ఎత్తేయాలి. కార్డు గీకే ముందే, నెలవారీ మొత్తం ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటే చివరి వాయిదా తేదీ, కట్టే మొత్తం అంతే పెద్దగా కనిపించాలి. అవి చూశాక కూడా కొంటే, అది నిజంగా అతని నిర్ణయం.