దూడ పారుడూ మన జలుబూ

మిరప కోతలు మొదలయ్యాక మా వైపు ఎవరు దగ్గినా పట్టించుకునేవాళ్లుండరు. కల్లంలో కాయ ఎండుతుంటుంది, గాలి తిరిగితే ఘాటు ఊరంతా కమ్ముతుంది. తాలుకాయ ఏరే ఆడవాళ్లు ముక్కుకి కొంగు చుట్టుకుని తుమ్ముతూనే పని చేస్తారు. ఏ తుమ్ము ఘాటుది, ఏది జలుబుది అని తేల్చే తీరిక సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఎవరికీ ఉండదు. ఆ జలుబుల్లో కొన్నిటికి కారణం ఓసీ43 అనే కరోనా వైరస్. కొవిడ్‌కి చాలా ముందునుంచీ మనుషుల్లో తిరుగుతున్న నాలుగు జలుబు కరోనాల్లో అదొకటి. 1967లో అమెరికాలోని బెథెస్డాలో జలుబు రోగుల నమూనాల్లోంచి దాన్ని పట్టుకున్నారు. చిన్నతనంలోనే దాదాపు అందరికీ ఒకసారి సోకి పోతుంది. దాని అతి దగ్గరి చుట్టం ఉండేది మాత్రం గొడ్ల చావిడిలో.

పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు ప్రాంతాల్లో పశువైద్యుడిగా చేసి రిటైరైనవాణ్ణి. చలికాలం ఈతల్లో దూడలు పుట్టిన వారం పది రోజులకే నీళ్లలా పారుకుని, కళ్లు లోతుకు పోయి, కాళ్లు చాపేయడం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. దానికి ఈ.కోలై కారణం కావచ్చు, రోటా వైరస్ కావచ్చు, పశువుల కరోనా వైరస్ కావచ్చు. ఈ చివరిదాన్ని 1970ల మొదట్లో అమెరికాలోని నెబ్రాస్కాలో దూడల విరేచనాల్లో గుర్తించారు. పెద్ద పశువుల్లో అదే చలికాలపు నెత్తురు పారుడు తెస్తుంది, ఊపిరితిత్తుల జబ్బులోనూ చెయ్యి వేస్తుంది. చావిడిలో నిలబడి చూస్తే ఏది ఏదో చెప్పలేం. ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్లు పట్టించి, అవసరమైతే సెలైన్ ఎక్కించి, రిజిస్టర్లో ‘పారుడు’ అని రాసేవాళ్లం. అది గేదె దున్నదూడ అయితే ఆస్పత్రి దాకా తెచ్చేవాళ్లే తక్కువ. దాని మీద ఖర్చు దండగని రైతు లెక్క. ఇప్పటి పత్తి ధర, మిర్చి ధర చూస్తే ఆ లెక్కను తప్పుపట్టే ధైర్యం నాకు లేదు.

2005లో బెల్జియంలోని లువెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఓసీ43 జన్యుక్రమం మొత్తం చదివి, పశువుల కరోనాతో పక్కపక్కన పెట్టి చూశారు. ముప్పై వేలకు పైగా జన్యు అక్షరాల్లో దాదాపు 96 శాతం ఒకటే. తేడాలు ఎంత వేగంతో పోగవుతాయో కొలిచి వెనక్కి లెక్కగడితే రెండింటి మూలం 1890 ప్రాంతంలో తేలింది. అన్నదమ్ములు ఆస్తి పంచుకుని వేరుపడ్డట్టు, ఒక శాఖ పశువులో ఉండిపోయింది, ఇంకొకటి మనిషిని పట్టింది. ఆ పంపకంలో మనిషి వైపు శాఖ 290 అక్షరాల ముక్క ఒకటి పోగొట్టుకుంది.

ఈ తేదీ దగ్గరే కథ రసపట్టులో పడింది. 1889 చివర సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో విజృంభించి, నెలల్లోనే ప్రపంచమంతా చుట్టి, 1890లో మన దేశానికీ వచ్చిన ‘రష్యన్ ఫ్లూ’ అసలు ఫ్లూనే కాదేమో, పశువులోంచి అప్పుడే దూకిన ఈ కరోనాయేనేమో అని ఆ పరిశోధకులే ఊహించారు. కొవిడ్ వచ్చాక ఆ ఊహకు రెక్కలొచ్చాయి. నాకూ ఆ కథ ఇష్టమే. కానీ ఆనాటి రోగుల శరీరంలోంచి తీసిన వైరస్ ఒక్కటి కూడా చేతిలో లేకుండా దాన్ని రుజువైన చరిత్రగా చెప్పేవాళ్లతో నాకు పేచీ ఉంది. అది ఇన్‌ఫ్లుయెంజాయే అనే శాస్త్రవేత్తలూ ఉన్నారు. జన్యు తేడాలు లెక్కగట్టి చెప్పే సంవత్సరం పంచాంగంలో తిథి లాంటిది కాదు, నమూనాలు మారితే అదీ జరుగుతుంది. తేదీ ఎటు జరిగినా చుట్టరికం మాత్రం చెరగదు.

అంతకంటే నన్ను ఆశ్చర్యపరిచింది 2017లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన పరిశోధన. ఈ వైరస్‌లు మన కణాల పైనుండే ఒక రకం చక్కెరను పట్టుకుని లోపలికి దూరతాయి. పశువుల కరోనాకు ఆ పట్టు రెండుచోట్ల ఉంది: ముళ్ల ప్రొటీన్ మీద ఒకటి, హీమాగ్లుటినిన్ ఎస్టరేజ్ అనే మరో ప్రొటీన్ మీద ఇంకొకటి. మనిషిలో చేరాక ఓసీ43 ఆ రెండో పట్టును క్రమంగా వదిలేసింది. హెచ్‌కేయూ1 అనే మరో జలుబు కరోనా వేరే దారిలో మనిషిని చేరింది, అదీ సరిగ్గా ఆ పట్టునే పోగొట్టుకుంది. మనిషి ముక్కులో, గొంతులో బతకాలంటే అదే లాభమన్నమాట. పశువునుంచి మనిషికి రావడం ఒక్క రాత్రిలో అయిపోయే పని కాదు, వచ్చాక కూడా వైరస్ సర్దుకుంటూనే ఉంటుంది. ఆ సర్దుబాటును మొదట్లోనే పట్టుకోవాలంటే చావిడి నమూనా, ఆస్పత్రి నమూనా రెండూ ఉండాలి. జర్మనీలో విరేచనాలతో వచ్చిన ఒక చిన్నారి నుంచి తీసిన వైరస్ పశువుల కరోనాను పోలి ఉందని 1994లోనే రాశారు. ఎవరో నమూనా తీసి దాచబట్టి కదా అది తెలిసింది.

ఆవును మాత్రమే నేరస్తురాలిగా నిలబెట్టడం కూడా సరికాదు. 2015లో చైనా ఎలుకల్లో దొరికిన ఇంకో కరోనాను బట్టి ఈ వంశం మొత్తానికి మూలం ఎలుకజాతేనని అనుమానిస్తున్నారు. చావిడి మూలన పత్తిగింజల చెక్క బస్తా ఉన్నచోట పందికొక్కులు ఉండకపోవు.

భయపెట్టడానికి ఇదంతా రాయడం లేదు. 2020లో నాకు ఫోన్ చేసిన ప్రతి రైతూ అడిగింది ఒకటే: “డాక్టరుగారూ, పాలు తాగొచ్చా?” కాచిన పాలలో ఏ కరోనా బతకదు. కొవిడ్ వైరస్‌ను జర్మనీలోని పశువ్యాధుల సంస్థ కావాలనే దూడల ముక్కుల్లో వేసి చూసింది. కొద్ది దూడల్లో స్వల్పంగా పెరిగింది, పక్కనున్న దూడలకు అంటలేదు.

పశువులనుంచి మనకొచ్చిన జబ్బు ఇదొక్కటే కాదు. తట్టు తెచ్చే వైరస్ ముసర రోగపు వైరస్‌కి దాయాది. 1912 నాటి ఒక ఊపిరితిత్తి ముక్కలోని తట్టు వైరస్‌ను చదివి, ఆ రెండూ సుమారు రెండున్నర వేల ఏళ్ల కింద విడిపోయి ఉండొచ్చని 2020లో తేల్చారు. 1920లో మన దేశం నుంచి బ్రెజిల్ వెళ్తున్న మూపురపు పశువులు ఆంట్‌వెర్ప్ రేవులో దిగితే బెల్జియంలో ముసర రేగింది. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ 1924లో పుట్టడానికి అదే కారణం. ఒంగోలు గిత్తల సంతతిని ‘నెలోరె’ అని పిలిచి బ్రెజిల్ గర్వపడుతుంటే మనమూ పడుతున్నాం, పడదాం. పశువుతోపాటు దాని వైరస్ కూడా ఓడెక్కుతుందన్న సంగతి కూడా ఆ గర్వం పక్కనే ఉండాలి. మన దేశంలో ముసర చివరిసారి కనిపించింది 1995లో. ఊరూరా టీకాలు వేసి, ఏ కొట్టంలో ఏముందో రాసిపెట్టి దాన్ని తుడిచేశాం. 2011లో ప్రపంచమే దాన్నుంచి బయటపడింది. అలాంటి పని చేసిన పశుసంవర్ధక శాఖకు దూడ విరేచనం నమూనా సేకరించడం చేతకాదంటే నేను ఒప్పుకోను.

ప్రభుత్వం కోసం ఆగక్కర్లేని పని ఒకటుంది. ఆవు, గేదె గర్భంలో ప్రతిరక్షకాలు తల్లినుంచి దూడకు చేరవు. అవన్నీ జున్నుపాలలోనే రావాలి, దూడ పేగు వాటిని ఒంటికి పట్టించుకునేది మొదటి రోజు మాత్రమే. మా వైపు మాత్రం ‘ఎక్కువ తాగితే పారుకుంటుంది’ అని దూడను లాగేసి, ఆ పాలు ఇరుగుపొరుగుకు జున్నుకు పంచుతారు. పుట్టిన రెండు గంటల్లోపు మొదలుపెట్టి, తొలిరోజు దూడ బరువులో పదోవంతు పాలు దానికి పోవాలి. జున్ను నాకూ ప్రాణమే, మిరియాలు దట్టంగా వేస్తే మరీను. రెండో పూట పాలతో వండుకోండి.

ఇక ప్రభుత్వానిది. కొవిడ్ కాలంలో, 2022లో, విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాలలో జీనోమ్ సీక్వెన్సింగ్ ల్యాబ్ పెట్టారు. అక్కడికి ఇరవై కిలోమీటర్ల దూరంలో గన్నవరం పశువైద్య కళాశాల ఉంది. చలికాలం నాలుగు నెలలూ గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పారుకునే దూడల నమూనాలు గన్నవరం చేరాలి. అదే ఊళ్ల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు దగ్గుతో వచ్చే మిరప కూలీల, పాలు పితికేవాళ్ల గొంతు నమూనాలు విజయవాడ చేరాలి. రెండింటినీ ఒకే వంశవృక్షం మీద పెట్టి ఏటా చూడాలి. డబ్బెక్కడిదని అడుగుతారు. యంత్రం కొన్నదే, 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే పశు అంబులెన్సులు తిరుగుతున్నవే. కొత్తగా కావలసింది ఐసుపెట్టె, సీసాలు, కొంత రసాయనాల ఖర్చు, ‘పారుడు’ అన్న మాట పక్కన కారణం రాసే గడి. ఇంకా పశుసంవర్ధక, ఆరోగ్య శాఖల అధిపతుల సంతకాలు ఒకే కాగితం మీద పడాలి. నా సర్వీసులో చూసినంతవరకు అన్నిటికంటే కష్టమైంది ఆ చివరిదే. కాబట్టి మొదట దాని సంగతే చూడమని అడుగుతున్నాను, ఈ చలికాలం ఈతలు మొదలయ్యేలోపు.