కలరా ఉండల వాసన

ప్రశ్న: మా అమ్మాయి పురిటికి వచ్చింది. పుట్టబోయే బిడ్డకు మెత్తగా ఉంటాయని నా పాత నేతచీరలూ, మా అత్తగారు కుట్టిన బొంతా ట్రంకు పెట్టెలోంచి తీశాను. కలరా ఉండల వాసన ఘాటుగా కొడుతోంది. రెండుసార్లు ఉతికినా పోలేదు. సెంటు చల్లితే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: సెంటు చల్లకండి. అది వాసనను కప్పుతుందే కాని పోగొట్టదు. పైగా ఇక్కడ పోగొట్టవలసింది వాసన ఒక్కటే కాదు.

కలరా ఉండలంటే సాధారణంగా నాఫ్తలీన్. పేరు చూసి అవి కలరాను ఆపుతాయనుకునేవారున్నారు. వాటికీ కలరాకూ సంబంధమే లేదు. ఈ నాఫ్తలీన్ కర్పూరంలాగే కరగకుండా నేరుగా ఆవిరైపోతుంది. పెట్టెలో వేసిన ఉండ కొన్నాళ్లకు చిక్కి శనగగింజంత అవుతుంది. తగ్గిన భాగం ఎక్కడికి పోయింది? కొంత గాలిలోకి, కొంత బట్టల పోగుల్లోకి. బట్ట వాసన వేస్తున్నంతకాలం ఆ మందు అందులో ఉన్నట్టే లెక్క.

ఆ ఆవిరి పెద్దవాళ్లకు తలనొప్పి, వికారం తెస్తుంది. పసిబిడ్డ సంగతి వేరు. ఊపిరితోనూ, చర్మం గుండానూ లోపలికి పోయి రక్తంలోని ఎర్రకణాలను చితకగొడుతుంది. నూనె రాసిన ఒంటికి ఇంకా సులువుగా పడుతుంది. జి-6-పి-డి అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లలకు ప్రమాదం మరీ ఎక్కువ. ఈ లోపం మగపిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. అది లేని పసికందులూ దెబ్బతినవచ్చు. 1963లో గ్రీసు దేశపు వైద్యులు నాఫ్తలీన్ ఆవిరి వల్ల రక్తకణాలు చితికిన 21 మంది పసిపాపల గురించి రాశారు. వారిలో ఈ లోపం లేనివారూ ఉన్నారు.

ఓసారి నాలుగు రోజుల పిల్లవాడిని ఆసుపత్రికి తెచ్చారు. ఒళ్లంతా పసుపు, పాలు పట్టడం లేదు. పరీక్ష చేయడానికి వంగితే పక్కబట్టల్లోంచి కలరా ఉండల వాసన గుప్పుమంది. రక్తం మార్చవలసి వచ్చింది. పిల్లవాడు బతికాడు. కామెర్లు ముదిరితే మెదడుకు ఎక్కుతాయి. అందరు పిల్లలకూ అలాంటి అదృష్టం ఉండదు.

ఇక వాసన పోగొట్టే పద్ధతి. నాఫ్తలీన్ నీళ్లలో దాదాపు కరగదు. అందుకే మీరు రెండుసార్లు ఉతికినా పోలేదు. దానికి మందు ఎండా, గాలీ. ముందు మడతల్లో మిగిలిన ఉండలనూ, ముక్కలనూ ఏరి పిల్లలకు అందకుండా పారేయండి. ప్రతి బట్టనూ విడివిడిగా దండెం మీద ఆరేసి, రోజూ తిరగవేస్తూ వారం పదిరోజులు ఎండనివ్వండి. పట్టుచీరలు, రంగు వెలిసేవి నీడలో గాలికి వేయండి. ఆ తరువాత నూలుబట్టలను వేడినీళ్లలో సబ్బుతో ఉతికి మళ్లీ ఎండబెట్టండి. బొంతలో పొరలెక్కువ కనుక ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. పెట్టెను సబ్బునీళ్లతో తుడిచి, మూత తెరిచి ఎండలో ఉంచండి.

పోయిందో లేదో చూడాలంటే బట్టను ఒక రాత్రి డబ్బాలో మూసి ఉంచి, పొద్దున్నే ఇంట్లో మరొకరిని వాసన చూడమనండి. మీ ముక్కు ఆ వాసనకు అలవాటు పడి ఉంటుంది.

ఇంత చేసినా ఆ బట్టలు పసిబిడ్డకు వాడకండి. పెద్దవాళ్లు వాడుకోండి. మందు పూర్తిగా పోయిందో లేదో ముక్కు కచ్చితంగా చెప్పలేదు. బిడ్డకు ఉతికి ఆరేసిన కొత్త నూలుగుడ్డ గాని, ఉండలు తగలని పాతచీర గాని చాలు.

బిడ్డ ఒళ్లు పచ్చబడినా, పాలిపోయినా, పాలు తాగకపోయినా, మూత్రం కాఫీ రంగులో వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఎండలో పడుకోబెడితే తగ్గుతుందిలే అని కూర్చోవద్దు. ఇంట్లో కలరా ఉండలు వాడినట్లయితే డాక్టరుకు తప్పక చెప్పండి. నడిచే పిల్లలు ఉండను మిఠాయి అనుకుని మింగితే పాలు, నెయ్యి, నూనె పట్టకండి. కొవ్వు దాన్ని త్వరగా ఒంటికి పట్టిస్తుంది. గొంతులో వేలు పెట్టి వాంతి చేయించకుండా వెంటనే తీసుకువెళ్లండి.

ముందు ముందు బట్టలు దాచేటప్పుడు బాగా ఉతికి, గంజి పెట్టకుండా, తడి లేకుండా ఆరబెట్టి మడవండి. ఉన్ని, పట్టు బట్టలను కొట్టే చిమ్మెట పురుగు శుభ్రమైన నూలుచీరల జోలికి సాధారణంగా రాదు. వాటికి ఈ ఉండలు అవసరమే లేదు. రెండు మూడు నెలలకోసారి తీసి ఎండ చూపిస్తే చాలు.