డ్యాష్‌బోర్డ్‌లో మూడు లైట్లు ఒకేసారి వెలిగితే ముందు స్కానర్ కాదు, మల్టీమీటర్ తీయండి

గ్యాడ్జెట్ సైట్‌లో కూర్చుని గ్యాడ్జెట్ కొనొద్దంటున్నాడేంటి అనుకోకండి. నేనూ ముందు కొన్నది బ్లూటూత్ ఓబీడీ స్కానరే. కొన్నాక చేసిన తప్పు వల్లే ఇది రాస్తున్నా.

మా నాన్న కారు 2014 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్. ఒక రాత్రి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రివర్స్ తీస్తుంటే ఏబీఎస్, పవర్ స్టీరింగ్, చెక్ ఇంజిన్ లైట్లు మూడూ ఒకేసారి వెలిగాయి. స్టీరింగ్ రాయిలా బిగుసుకుపోయింది. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే చెక్ ఇంజిన్ తప్ప మిగతావి పోయాయి. మర్నాడు గ్యారేజ్‌లో చూపిస్తే ఏబీఎస్ మాడ్యూల్ మార్చాలి, స్టీరింగ్ మోటార్ కూడా పోయేలా ఉంది, మొత్తం రూ.46,000 అవుతుందన్నారు. నాన్న కాసేపు ఆలోచించి "ఇక అమ్మేద్దాంలేరా" అన్నారు. రిటైరయ్యాక ఆయన ఊరెళ్లేది, అమ్మని హాస్పిటల్‌కి తీసుకెళ్లేది ఆ కారులోనే. ఆ మాట నాకు నచ్చలేదు.

నేను చేసిన తప్పు

ఆన్‌లైన్‌లో ఈఎల్ఎం327 అడాప్టర్ ఆర్డర్ పెట్టా. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల పోర్ట్‌లో గుచ్చి, ఫోన్‌లో యాప్ ఓపెన్ చేస్తే ఒకే ఒక్క కోడ్ వచ్చింది: పీ0562. పూర్తిగా చదవకుండానే 'క్లియర్' నొక్కేశా. లైట్ పోయింది. హీరోలా ఫీలయ్యా. రెండు రోజుల తర్వాత మూడు లైట్లూ మళ్లీ వచ్చాయి.

సర్వర్ పడిపోతే లాగ్స్ చదవకుండా డిలీట్ చేసినవాడిని మన టీమ్‌లో ఏమంటాం? నేను చేసింది అదే. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఆర్‌పీఎం ఎంత, బండి స్పీడ్ ఎంత, కూలెంట్ వేడి ఎంత అన్నవి ఈసీయూ ఒక స్నాప్‌షాట్‌గా దాచుకుంటుంది. దాన్నే ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. క్లియర్ కొడితే కోడ్‌తో పాటు అదీ పోతుంది. కాబట్టి ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి. క్లియర్ సంగతి చివర్లో.

ఇంకో విషయం. మన దగ్గర బీఎస్-4 కార్లకి 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 తప్పనిసరి. అయితే అందులో అందరికీ కామన్‌గా ఉండే భాగం ప్రధానంగా ఇంజిన్, పొల్యూషన్‌కి సంబంధించినదే. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, స్టీరింగ్ మాడ్యూల్స్‌తో మాట్లాడాలంటే ఆ కంపెనీ సొంత కమాండ్లు తెలిసిన యాప్ కావాలి. చౌక అడాప్టర్, ఫ్రీ యాప్ పెట్టుకుని "ఏబీఎస్‌లో ఏ ఎర్రర్ లేదు" అనుకోవడం పొరపాటు. అది చూడలేదంతే.

మూడూ ఒకేసారి ఎలా పోతాయి?

ఏబీఎస్ మాడ్యూల్, స్టీరింగ్ మోటార్, ఇంజిన్ సెన్సర్ మూడూ ఒకే సెకండ్‌లో చచ్చిపోవడం జరిగే పనేనా? ఐదు సర్వీసులు ఒకేసారి టైమవుట్ అయితే ఐదింటి కోడ్‌నీ తిరగరాయం కదా, వాటి వెనకున్న డేటాబేస్ చూస్తాం. కారులో ఆ డేటాబేస్ లాంటివి మూడు: కరెంట్, ఎర్త్, మాడ్యూల్స్ మధ్య నెట్‌వర్క్. అప్పుడు గానీ పీ0562 అంటే ఏంటో వెతకలేదు నేను. సిస్టమ్ వోల్టేజ్ తక్కువ. సమాధానం మొదటిరోజే ఫోన్ స్క్రీన్ మీద ఉంది!

పక్కింటి ఎలక్ట్రీషియన్ అన్న దగ్గర మల్టీమీటర్ తెచ్చా. రాత్రంతా ఆపి ఉంచిన కారు బ్యాటరీ దగ్గర 12.1 వోల్టులు. బాగా చార్జైన బ్యాటరీకి 12.6 దాకా ఉండాలి. ఇంజిన్ స్టార్ట్ చేస్తే సుమారు 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. ఏసీ, హెడ్‌లైట్లు, బ్లోయర్ ఆన్ చేసి చూస్తే 12.7 మాత్రమే. స్టీరింగ్ తిప్పగానే ఇంకా పడిపోయింది. ఎలక్ట్రిక్ స్టీరింగ్ ఎక్కువ కరెంట్ లాగేది కారు మెల్లగా కదులుతున్నప్పుడే. సెల్లార్‌లో రివర్స్ తీస్తుంటేనే లైట్లు ఎందుకొచ్చాయో అప్పుడర్థమైంది.

అయితే ఆల్టర్నేటర్ పోయిందా? దాని అవుట్‌పుట్ బోల్టుకీ ఇంజిన్ బ్లాక్‌కీ మధ్య కొలిస్తే 14.3. అంటే అది బాగానే పనిచేస్తోంది, బ్యాటరీ లైట్ వెలగకపోవడానికి కారణం కూడా అదే. మరి మధ్యలో వోల్టులు ఎక్కడ పోతున్నాయి? లోడ్ మీద ఇంజిన్ బ్లాక్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య 0.2 దాటకూడదు. నాకు 1.3 వచ్చింది. గేర్‌బాక్స్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ కేబుల్ తుప్పు పట్టి, చేత్తో లాగితే పోగులు ఊడొచ్చాయి. కొత్త కేబుల్, కూలీ, బ్యాటరీ చార్జింగ్ అన్నీ కలిపి రూ.900. ఆ తర్వాత కోడ్ క్లియర్ చేశా. నాలుగు నెలలైంది, ఒక్క లైటూ రాలేదు.

ప్రతిసారీ ఎర్త్ కేబులే అనుకోకండి

ఒక్క వీల్ స్పీడ్ సెన్సర్ పోయినా ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్, హిల్ అసిస్ట్ లైట్లు కలిసే వెలుగుతాయి, ఎందుకంటే అవన్నీ ఆ ఒక్క డేటా మీదే ఆధారపడతాయి. వోల్టేజ్ అంతా సరిగ్గా ఉంటే అప్పుడు మంచి స్కానర్ కావాలి. కోడ్ 'యూ' అక్షరంతో మొదలైతే నెట్‌వర్క్ సమస్య, 'సీ' అయితే బ్రేకులు, స్టీరింగ్ వైపు, 'పీ' అయితే ఇంజిన్, గేర్‌బాక్స్ వైపు చూడాలి.

ఎరుపు లైట్లతో మాత్రం ప్రయోగాలొద్దు. ఆయిల్ ప్రెషర్, టెంపరేచర్ ఎర్రగా వెలిగితే పక్కకి తీసి ఇంజిన్ ఆపేయండి. ఏబీఎస్‌తో పాటు ఎర్ర బ్రేక్ లైట్ కూడా వస్తే ఆ బండి నడపకండి, టోయింగ్ పిలవండి.

గ్యారేజ్ వాళ్లని దొంగలనడం నా ఉద్దేశం కాదు. కోడ్‌లో ఏ పార్ట్ పేరుంటే ఆ పార్ట్ మార్చడం వాళ్లకి ఈజీ, డబ్బు మనది. అందుకే ఈసారి ఎస్టిమేట్ ఇస్తే రెండే ప్రశ్నలు అడగండి: "అన్నా, ఏ కోడ్ వచ్చింది? లోడ్ మీద వోల్టేజ్ ఎంతుంది?" రెండో దానికి నంబర్ చెప్పలేకపోతే, పార్ట్ ఆర్డర్ పెట్టొద్దని చెప్పి కారు తాళం వెనక్కి తీసుకోండి.

మొన్న దసరాకి నాన్న ఆ కారులోనే ఊరెళ్లొచ్చారు. గ్లవ్ బాక్స్‌లో స్కానర్ ఉంది. దాని పక్కనే రూ.400 పెట్టి కొన్న మల్టీమీటర్ కూడా.