జాతిగుర్రం తల్లి పేరేమిటి?

స్త్రీల పత్రికలో గుర్రాల గొడవ ఎందుకని అడిగేవారికి నా జవాబు సిద్ధంగానే ఉంది. ఆడదాని గర్భానికి కాపలా కాయడం గురించి మగవాళ్లు మొహమాటం లేకుండా మాట్లాడుకునే చోటు ఏదైనా ఉందంటే అది గుర్రాల యజమానుల మధ్యే. మనుషుల విషయంలో నోటిదాకా వచ్చి ఆగిపోయే మాటలు అక్కడ శాస్త్రం పేరుతో ధారాళంగా దొర్లుతాయి.

మా నర్సీపట్నం దగ్గర తోట ఉన్న ఒకాయన మార్వాడీ ఆడగుర్రాన్ని కొన్నాడు. చెవుల కొసలు లోపలికి తిరిగి ఒకదాన్నొకటి తాకుతుంటాయి. నిజంగానే అందమైన జంతువు. దాని తండ్రి, తాత, ముత్తాతల పేర్లు గడగడా చెప్పాడు. తల్లి పేరేమిటని అడిగాను. "అదీ మంచిదేనండి మేడమ్" అన్నాడు. అంతలో సంతకి సరుకు దించే కొండవాళ్ల గుర్రం ఒకటి కంచె పక్కగా వచ్చింది. "ఒరే, ఆ తట్టువని తోలెయ్. ఇది ఎదలో ఉంది. ఒక్కసారి చెడిందంటే ఇక దేనికీ పనికిరాదు" అని పాలేరుని కేకేశాడు.

ఈ "ఒక్కసారి చెడితే" అన్న మాటకి రెండొందల ఏళ్ల చరిత్ర ఉంది. స్కాట్లాండ్ జమీందారు లార్డ్ మోర్టన్ తన అరబ్బీ ఆడగుర్రాన్ని జీబ్రా జాతికి చెందిన క్వాగాతో కలిపాడు. తర్వాత అదే గుర్రానికి నల్ల అరబ్బీ గుర్రం వల్ల పుట్టిన పిల్లల మీద కూడా చారలున్నాయని రాశాడు. 1821లో లండన్ రాయల్ సొసైటీ దాన్ని అచ్చువేసింది. మొదటి మగవాడి ముద్ర గర్భంలో శాశ్వతంగా ఉండిపోతుందని పెద్దపెద్దవాళ్లు నమ్మారు. డార్విన్ కూడా దాన్ని ఉదహరించాడు. చివరికి కోసర్ ఎవార్ట్ అనే శాస్త్రవేత్త ఆడగుర్రాలను జీబ్రాతోనూ, ఆ తర్వాత గుర్రాలతోనూ కలిపి చూసి, అలాంటి ముద్రేమీ లేదని 1899లో ప్రకటించాడు. అలాంటి చారలు మామూలు గుర్రపుపిల్లల్లోనూ కనిపిస్తాయి. శాస్త్రం వదిలేసిన ఆ నమ్మకాన్ని మన ఇళ్లు మాత్రం వదల్లేదు. "చెడిపోయింది" అన్న క్రియ ఇప్పటికీ ఆడపిల్లకే అతుకుతోంది. మగగుర్రం ఎన్ని చోట్లకి వెళ్లినా చెడదు, పైగా వెళ్లిన ప్రతిసారీ దాని యజమానికి డబ్బు ముడుతుంది.

ఇక రక్తశుద్ధి సంగతి చూద్దాం. మలక్‌పేట పందేల్లో పరిగెత్తే థరోబ్రెడ్ కంటే శుద్ధమైనది లేదంటారు. ఆ వంశావళి గ్రంథం 1791 నుంచీ ఇంగ్లండులో వెలువడుతోంది. మగ వంశక్రమమంతా మూడు గుర్రాల దగ్గర మొదలవుతుంది: డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్, బయెర్లీ టర్క్. మరి తల్లులు? మొదటి తరాల్లో చాలా వాటికి సొంత పేరే లేదు. "ఫలానా దొరగారి ఆడగుర్రం" అని రాసి ఊరుకున్నారు. ఫలానావారి భార్య, ఫలానావారి కోడలు అన్నట్టే. తల్లి నుంచి మాత్రమే సంక్రమించే మైటోకాండ్రియా జన్యుపదార్థాన్ని 2010లో పరిశీలిస్తే, ఆ తల్లుల్లో చెప్పుకోదగ్గ భాగం బ్రిటన్, ఐర్లండ్‌ల నాటు గుర్రాలేనని తేలింది. శుద్ధరక్తాన్ని కడుపున మోసింది ఊరి గుర్రాలే. పుస్తకం మాత్రం తండ్రులదయింది.

ఇదంతా పరాయిదేశపు పైత్యమని చేతులు దులుపుకోలేం. సంస్కృత అశ్వశాస్త్రాలు గుర్రాలకీ బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్య, శూద్ర వర్ణాలు కట్టాయి. మనుమంచి భట్టు తెలుగులో హయలక్షణ విలాసమే రాశాడు. గుర్రం ఒంటిమీద సుడులు చూసి కొనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పెళ్లిచూపుల్లో పిల్ల నడక, రంగు, జడ చూసిన కళ్లే అవి. అసలు మన భాషలో కులానికీ పశువు రకానికీ కలిపి "జాతి" అనే మాట ఒక్కటే ఉండటం యాదృచ్ఛికం కాదు. గుర్రానికి కులం కట్టాక దాన్ని ఎక్కేవాడి కులం కూడా అడుగుతారు. 2018 మార్చిలో గుజరాత్ భావనగర్ జిల్లా టింబీ గ్రామంలో 21 ఏళ్ల దళిత యువకుణ్ణి చంపేశారు. సొంత గుర్రం ఎక్కి తిరగడమే అతని నేరమయిందని తండ్రి ఫిర్యాదు చేశాడు.

తోలేయమన్న ఆ తట్టువ దగ్గరికి వద్దాం. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కితే ఏజెన్సీ. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయడానికి గిరిజనుల చేత చాలీచాలని కూలికి చేయించిన వెట్టి కూడా 1922 నాటి తిరుగుబాటుకి ఒక కారణం. నూరేళ్లు దాటినా రోడ్డులేని గూడేలు ఇంకా ఉన్నాయి. అక్కడి నుంచి పసుపు, కాఫీ, మిరియాలు దించేదీ, బియ్యం, ఉప్పు ఎక్కించేదీ గుర్రమే. గుర్రం లేని ఇంట్లో ఆ బరువు ఆడవాళ్ల నెత్తిమీదే. నిండుచూలాలు డోలీలో దిగాల్సిందే. ఈ లెక్కలో ఏది మేలుజాతి?

కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ నమోదు చేసిన జాతుల్లో మన కొండగుర్రం లేదు. మహారాష్ట్ర గొర్రెలకాపరుల సామాన్లు మోసే తట్టువ మాత్రం ఈమధ్యే "భీమథడి" పేరుతో ఆ పట్టికకెక్కింది. నిన్నటిదాకా జాతి లేనిదానికి ఇవాళ జాతి వచ్చింది. గుర్రం మారలేదు, కాగితం మారింది. కాగితంతో వచ్చేదాన్ని రక్తంలో ఉందని చెప్పడమే జాత్యహంకారం.

మన కొండగుర్రానికీ ఆ కాగితం ఇప్పించమని నేను అడగడం లేదు. కాగితం వస్తే కొనేవాళ్లు వస్తారు, కొన్నవాళ్లు కంచె కడతారు. నేను అడిగేది చిన్నది. వారపు సంతలో దాని గిట్టలు, వీపు మీది పుళ్లు చూసే పశువైద్యుడు ఉండాలి. గూడేనికి రోడ్డు పడాలి. వంశావళి రాసి తీరతామనేవాళ్లు తల్లి పేరు ముందు రాయాలి.