రాత్రి సంగటి మానేస్తే కాలు విరిగింది

మొన్న పొద్దున చిలమకూరు రోడ్డు మీద పరిగెత్తే ఒకమ్మాయి నా ముందే కూలబడింది. "కళ్లు తిరుగుతున్నాయక్కా" అంది. ఏమైనా తిన్నావా అంటే, "లేదక్కా, రన్నింగ్ అయినాక తింటా". కానిస్టేబుల్ సెలక్షన్‌కి ప్రాక్టీసట. పక్కన కూర్చోబెట్టుకుని నా కథ చెప్పాను.

ఆరేళ్ల కిందట నేనూ ఇక్కడే పరిగెత్తేదాన్ని. బరువు తగ్గితే టైమింగ్ బాగుపడుతుందని ఎవరో అంటే, రాత్రి సంగటి మానేశాను. మొదటి నెల నిజంగానే స్పీడు పెరిగింది. అదే నన్ను ముంచింది. తర్వాత పీరియడ్స్ ఆగిపోయాయి. ప్రాక్టీసుకి అడ్డం లేదులే అని సంబరపడ్డాను కూడా! అయిదో నెలలో మోకాలి కింద ఎముకకి సన్న పగులు. ప్రొద్దుటూరులో డాక్టరమ్మ స్కానింగ్ చూసి అడిగిన మొదటి మాట, "రోజూ ఏం తింటావు పాపా?"

ఆటకి ఖర్చయ్యేంత తిండి పడకపోతే వచ్చే ఈ జబ్బుకి 2014లో ఒలింపిక్ కమిటీ 'రెడ్-ఎస్' అని పేరు పెట్టింది. లెక్క చూడండి. 50 కిలోల అమ్మాయికి కొవ్వు పోను 40 కిలోలు ఉందనుకుందాం. ఆ కిలోకి 45 చొప్పున 1800 కేలరీలు ఒంటికే కావాలి. 10 కిలోమీటర్ల పరుగుకి ఇంకో 500. నేను తిన్నది అందులో సగం ఉంటుందేమో. కిలోకి 30 లోపు పడితే ఒళ్లు పొదుపు మొదలుపెడుతుంది. గుండెకి, ఊపిరికి ఇచ్చి, పీరియడ్స్‌కి, ఎముకల రిపేరుకి కోత పెడుతుంది. బరువు తగ్గకపోయినా ఇది జరగొచ్చు, కాబట్టి కాటాని నమ్మొద్దు.

అబ్బాయిలూ, మీకూ వస్తుంది. ఎప్పుడూ నీరసం, మాటిమాటికీ జలుబు, మానని దెబ్బలు, చిరాకు, కోరికలు తగ్గడం కనిపిస్తే అనుమానించాల్సిందే.

మన కరణం మల్లీశ్వరి 1994లో 54 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్. 2000 సిడ్నీలో కంచు పతకం తెచ్చింది 69 కిలోల విభాగంలో. పరుగు వేరు, బరువులెత్తడం వేరు, నిజమే. అయినా 'సన్నబడితేనే గెలుపు' అనేవాళ్లకి నేను ఈ సంగతే చెప్తా.

పరుగుకి ముందు ఒక అరటిపండు తినండి, పులివెందుల పక్కనే ఉండగా మనకి కొదవా? వచ్చిన అరగంటలో గుడ్లో, చెనిక్కాయలు బెల్లమో. రాత్రి సంగటి మానొద్దు. మూడు నెలలు పీరియడ్స్ రాకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. సొంతంగా మాత్రలు మింగి తెప్పించుకుంటే లోపలి లోటు అలాగే ఉంటుంది.

నాకు మామూలు కావడానికి ఏడు నెలలు పట్టింది. ఆ అమ్మాయి అంతా విని, నా జేబులోని చిక్కీ తీసుకుంది. సగం తిని, "మా కోచ్‌కి చెప్పొద్దక్కా" అంది.