చిల్లర అడుగుదాం, చిన్నచూపు మానుదాం

మన తాతలు చింతపండు, కొండచీపుర్లు సంతకి మోసుకెళ్లి కాటాలోనూ మోసపోయారు, లెక్కలోనూ మోసపోయారు. ఆ షావుకార్ల దోపిడీ ఆపడానికే 1956లో గిరిజన సహకార సంస్థ, మన జీసీసీ, పుట్టింది. అందుకే రూపాయి చిల్లరైనా లెక్కపెట్టి తీసుకోవడం పీనాసితనం కాదు, మన హక్కు. చిల్లరకి బదులు చాక్లెట్ ఇస్తే వద్దనాలి.

కానీ విజయనగరం, శ్రీకాకుళం ఫాస్ట్‌ఫుడ్ కౌంటర్లలో నిలబడింది షావుకారు కాదు. చదువు మధ్యలో జీతానికి చేరిన మన జాతాపు, సవర పిల్లలూ అక్కడ ఉంటారు. ఎనభై రూపాయల నూడుల్స్‌కి ఐదొందల నోటిచ్చి, "ఏటే, లెక్కలు రావా?" అని ఆ పిల్ల మీద అరవడం ఏం మగతనం? గల్లాలో చిల్లర ఉంచాల్సింది యజమాని. రాత్రి లెక్క తగ్గితే కోత పడేది మాత్రం ఆ పిల్ల జీతంలో!

తప్పు ఆమెదని తేలకుండా, సంజాయిషీ అడక్కుండా జీతం కోయకూడదన్నది 1936 వేతనాల చెల్లింపు చట్టం నాటి నుంచీ ఉన్న నియమం. ఎంతమందికి తెలుసు? తెలిసిన మనమే చెప్పాలి.

చిల్లర గట్టిగానే అడుగుదాం, మర్యాదగా అడుగుదాం. అన్యాయంగా కోత పెట్టే యజమానిని అందరం కలిసి వెళ్లి నిలదీద్దాం.

జై ఆదివాసీ!