హెడ్‌ఫోన్‌కు చుక్కలు పెట్టేటోళ్లు

పోయిన నెల పెట్టెలో పడ్డ చీటీల్లో ఒకటి బల్లార్‌పూర్ నుంచి వచ్చింది. ఒక చెల్లె రాసింది. ఆమె మాటల్లోనే చదవండి:

"అన్నా, మా బిడ్డ పన్నెండో తరగతి. పాఠాలన్నీ ఫోన్ల వింటది. ఇంట్ల ఒక్కటే గది. వాళ్ల నాయిన నైట్ డ్యూటీ చేసొచ్చి పొద్దున పండుకుంటడు. ఫోన్ సౌండ్ పెడితే ఆయనకు నిద్ర లేదు, పెట్టకపోతే పిల్లకు చదువు లేదు. హెడ్‌ఫోన్ కొందామని ఫోన్ల చూస్తే ఒకదానికి 4.4 చుక్కలున్నయ్, ఇంకోదానికి 4.1. రెండూ ఏడెనిమిది వందల లోపలే. 4.4ది తీసుకుంటే సరిపోతది గదా?"

జవాబు ఒక్క మాటలో రాసి పంపేవాణ్ణే. కానీ ఇదే ప్రశ్న చార్జర్ గురించి, మిక్సీ గురించి, ఫ్యాన్ గురించి మన లైన్లల్లో రోజూ వినబడుతున్నది. అందుకే ఈ నెల పేజీ మొత్తం ఈ చుక్కల లెక్కకే ఇస్తున్న.

ముందుగా ఆ చెల్లెకు ఫోన్ చేసి, చుక్కల పక్కన ఇంకో అంకె ఉంటది, అదెంతో చూసి చెప్పమన్న. 4.4 ఉన్నదానికి 60 మంది చుక్కలు పెట్టిండ్రట. 4.1 ఉన్నదానికి 9,000 మంది.

కాగితం, పెన్సిల్ తీసుకోండి. 60 మందికి సగటు 4.4 అంటే మొత్తం 264 చుక్కలు. ఈ 60 మందిలో ఒక 20 మంది అమ్మేటోని మనుషులే అనుకుందాం, అందరూ ఐదుకు ఐదు పెట్టిండ్రనుకుందాం. వాళ్ల 100 చుక్కలు తీసేస్తే 40 మందికి 164 మిగిలినయ్. భాగిస్తే 4.1. అంటే ఒక్క లైన్ క్వార్టర్స్‌లో ఉన్నంత మంది చాలు, 4.1 సరుకును 4.4 చెయ్యడానికి. అదే 20 మందిని 9,000 మందిలో నుంచి తీసి చూడండి. 36,900లో 100 పోతే 36,800. దాన్ని 8,980తో భాగిస్తే మళ్లా 4.1కే వస్తది. చెరువులో చెంబెడు నీళ్లు తీసినట్టే.

ఆ 60 మందిలో దొంగ చుక్కలు ఉన్నయని నేను అంటలేను. ఉంటే మనకు తెలిసే దారి లేదని అంటున్న. మన ఇండ్లకు వచ్చిన డబ్బాలల్ల చిన్న కార్డు ఒకటి వస్తుంటది, చూసే ఉంటరు: ఐదు చుక్కలు పెట్టి ఫొటో పంపు, ఇన్ని రూపాయలు వాపస్ ఇస్తం అని. వంద రూపాయలకు ఎవరు కాదంటరు? దీని మీద 2022 నవంబర్‌లో భారత ప్రమాణాల సంస్థ ఒక ప్రమాణం తెచ్చింది, పేరు ఐఎస్ 19000. డబ్బులిచ్చి రాయించుకున్న అభిప్రాయాలు పెట్టకూడదు, రాసినోడు నిజమైన మనిషేనా అని చూసుకోవాలె అని అందులో ఉంది. అయితే అది కంపెనీలు తమ ఇష్టంతో పాటించే పద్ధతిగానే వచ్చింది. కాబట్టి కాపలా మనమే ఉండాలె.

ఇప్పుడు రెండో సంగతి. చుక్క ఎప్పుడు పెడతరు? డబ్బా వచ్చిన రోజో, ఆ వారంలోనో. ఫోనే గుర్తు చేస్తది, ఎట్లుందో చెప్పు అని. కొత్త సరుకు మెరుస్తుంటది, పాట మోగుతుంటది, ఐదు నొక్కి పారేస్తరు. మహాకాళి యాత్రకు వచ్చినోళ్లను గుడి ముందరే అడిగితే అందరూ మస్తుగుందనే అంటరు. ఊరికి పోయి నాలుగు రోజులైనంక అడగండి, అప్పుడు చెప్తరు ఎండ సంగతి, కాళ్ల నొప్పుల సంగతి.

నేను మిల్లులో ఎలక్ట్రికల్ సెక్షన్‌లో పని చేసినోణ్ణి. రిటైరైనంక ఇంట్ల కూర్చొని వైర్లు, చార్జర్లు బాగు చేస్తున్న. నా ముందుకు వచ్చే హెడ్‌ఫోన్లు ఎక్కువ శాతం మూడు చోట్లనే పోతయ్. ఒకటి, ఫోన్‌లో గుచ్చే పిన్ను దగ్గర వైరు వంగే చోట. రెండు, చెవి కప్పులోకి వైరు పోయే చోట. అప్పుడు ఒక చెవి మోగుతది, ఒక చెవి మోగదు. మూడు, తలపట్టీని పొడుగు పొట్టి చేసే ప్లాస్టిక్ కీలు. వైరు లేనివైతే ఏడాది దాటినంక బ్యాటరీ దిగిపోతది, పొద్దున చార్జింగ్ పెడితే మధ్యాహ్నానికే నోరు మూసుకుంటది. ఇవేవీ మొదటి వారంలో జరిగేవి కావు. మొదటి వారంలో పెట్టిన చుక్కకు వీటి సంగతి ఎట్ల తెలుస్తది?

కాబట్టి చుక్కల కింద రాసిన రాతలు చదవాలె. కొత్తవి ముందు వచ్చేటట్టు పెట్టుకోండి, ఆ వీలు ఉంటది. "మూడు నెలలైంది", "ఆరు నెలల తర్వాత" అని మొదలుపెట్టిన రాత ఒక్కటి దొరికితే "సూపర్", "నైస్" అని రాసిన యాభైకి సమానం. ఒక చుక్క పెట్టినోళ్లవి కూడా చూడండి, కానీ జర వేరు చేసుకోండి. "కొరియర్ లేటొచ్చింది", "డబ్బా నలిగింది" అన్నది హెడ్‌ఫోన్ తప్పు కాదు, పక్కన పెట్టండి. "రెండు నెలలకే ఎడమ చెవి పోయింది" అని ఐదారుగురు వేరే వేరే మాటల్లో రాసిండ్రంటే అది సరుకు రోగమే. నాకు ఎక్కువ పనికొచ్చేవి మూడు చుక్కలోళ్లవి. వాళ్లకు కోపమూ లేదు, మురిపెమూ లేదు. మంచి ఇది, చెడ్డ ఇది అని రెండూ చెప్తరు. ఇంకొకటి, చానా సార్లు ఒకే పేజీ కింద వైరుదీ, వైరు లేనిదీ కలిపి పెడతరు. చుక్కలు కూడా కలిసిపోతయ్. మీరు కొనే రకం గురించే రాసిండ్రా లేదా అని చూసుకోవాలె.

కొన్నోళ్ల మాట విని సరుకు బాగుపడ్డ కథ కూడా ఒకటుంది. అమెరికాలో యూటా రాష్ట్రంలో నథానియెల్ బాల్డ్విన్ అని ఒకాయన 1910 ప్రాంతంలో తన వంటింట్లోనే హెడ్‌ఫోన్లు తయారు చేసి అక్కడి నౌకాదళానికి పంపిండు. వాళ్లు వాడి చూసి, శబ్దం బాగున్నది, తల మీద పెట్టుకునే పట్టీయే సుఖంగా లేదన్నరు. ఆయన పట్టీ మార్చి చేసిండు. ఆ ఒక్క ఫిర్యాదులో ఉన్నంత సమాచారం వెయ్యి చుక్కల్లో కూడా ఉండదు. ఏది బాగుందో, ఏది బాగలేదో, ఎక్కడ నొప్పి పెడుతుందో విడదీసి చెప్పిండ్రు.

చుక్కల మీద పెద్ద చదువులోళ్లు కూడా పరిశోధన చేసిండ్రు. కొలరాడో విశ్వవిద్యాలయం నుంచి డి లాంగ్, ఫర్న్‌బాక్, లిక్టెన్‌స్టైన్ అనే ముగ్గురు 2016లో అచ్చు వేసిండ్రు. 120 రకాల్లో 1,272 వస్తువులు తీసుకున్నరు. అమెజాన్‌లో జనం పెట్టిన చుక్కలు ఒక పక్క, వస్తువును కొనుక్కొచ్చి ల్యాబులో పరీక్షించే కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక మార్కులు ఒక పక్క పెట్టి పోల్చిండ్రు. రెంటికీ పొంతన బహు తక్కువ. పేరున్న కంపెనీ అయితే, ధర ఎక్కువైతే జనం చుక్కలు కూడా ఎక్కువ పెడుతున్నరని కూడా తేలింది. అట్లయితే పైసలు ఎక్కువ పెట్టి కొంటే అయిపాయె అనుకోవద్దు. జెరోయెన్ బ్రీబార్ట్ అనే ఆయన 283 హెడ్‌ఫోన్లను కొలిచి 2017లో చెప్పిండు: గొంతు నుంచి డప్పు దాకా ఏ శబ్దాన్ని ఎంత మోతాదులో వినిపిస్తదన్న దానికీ, ధరకూ సంబంధం కనబడలేదని. ఐదు వేలది ఎనిమిది వందల దానికన్న తప్పకుండా బాగా వినబడుతుందన్న భరోసా లేదన్నమాట. గట్టితనం, మెత్తదనం, గ్యారంటీ వేరే సంగతి.

ఇంతవరకు చెప్పింది ఏ ఊరివాళ్లకైనా పనికొస్తది. ఇప్పుడు చెప్పేది మన మిల్లు ఇండ్లకు.

మా లైన్లోనే ఇద్దరు ఒకే రకం హెడ్‌ఫోన్ కొన్నరు. ఒకరు కుట్టుపని చేసుకునే వదిన. సౌండ్ ఫుల్లుగుందని మెచ్చుకుంటది. ఇంకొకరు చిప్పర్ హౌస్‌లో ఏండ్ల తరబడి పని చేసిన అన్న. "ఏం సౌండురా ఇది, చీమ నడిచినట్టుంది" అని నా ముందర పడేసిండు. బాగు చెయ్యమని తెచ్చిండు గానీ అందులో చెడిందేమీ లేదు. వెదురు, కట్టె ముక్కలయ్యే ఆ మోతలో ఎనిమిది గంటలు నిలబడి వచ్చినోని చెవి వేరు, కుట్టు మిషన్ ముందు కూర్చున్నామె చెవి వేరు. ఇద్దరూ చుక్కలు పెడితే ఒకరిది ఐదు, ఒకరిది ఒకటి. ఆ ఒక్క చుక్క పడింది హెడ్‌ఫోన్‌కు కాదు, ఆయన చెవికి. డ్యూటీ దిగినంక చెవులు దిమ్మెక్కినట్టుంటయ్, కొన్ని గంటలకు సర్దుకుంటయ్. అది మనందరికీ ఎరుకే. ఆ దిమ్ములో ఉన్నప్పుడే పాటలు పెడితే సౌండ్ పెంచుతనే పోతం. రోజూ ఇదే నడిస్తే సర్దుకోని రోజొకటి వస్తది.

ఫ్యాక్టరీల్లో రోజుకు 8 గంటల డ్యూటీకి 90 డెసిబెల్స్ హద్దుగా పెట్టుకున్నరు. చప్పుడుతో వచ్చే చెవుడును 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో, కబురు ఇచ్చి తీరవలసిన జబ్బుల్లో చేర్చిండ్రు. పరిహారం చట్టంలో కూడా అది వృత్తి జబ్బే. కాబట్టి హెడ్‌ఫోన్ మార్చినా, ఇంకోటి మార్చినా సౌండ్ తక్కువే అనిపిస్తే, మూడోది కొనకండి. చెవి పరీక్ష చేయించమని డాక్టర్‌ను అడగండి. ఆ కాగితం దాచిపెట్టుకోండి, రేపు పరిహారం అడగవలసి వస్తే ఆధారం అదే.

ఇంటి లెక్క మిల్లు లెక్క కన్న గట్టిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు. పిల్లలకైతే 75 డెసిబెల్సే. మూడు డెసిబెల్స్ పెరిగితే టైము సగానికి దిగుతది: 83కి 20 గంటలు, 86కి 10, 89కి ఐదే. రోజుకు నాలుగు గంటలు పాఠాలు వినే పిల్ల సౌండ్ కొంచెం పెంచితే వారం కోటా రెండు రోజుల్లో అయిపోతది. ఇది ఏ చుక్కా చెప్పదు. పైగా "దంచేస్తుంది", "గోడలు అదురుతయ్" అన్న హెడ్‌ఫోన్‌కే ఐదు చుక్కలు పడుతుంటయ్.

చెల్లె, ఇక నీ ప్రశ్నకు. 9,000 మంది పెట్టిన 4.1దే చూడు. అందులో ఆరు నెలల నాటి రాతలు, మూడు చుక్కల రాతలు ఒక పదిహేను మీ బిడ్డతోనే చదివించు. మైకు బాగలేదన్నా పర్వాలేదు, ఆమె వినేదే గాని మాట్లాడేది తక్కువ. ఒక చెవి పోతుందని పదే పదే కనబడితే వదిలేయ్. వైరుదే తీసుకో, చార్జింగ్ తంటా ఉండదు, పోతే నేనో ఇంకొకరో అతికిస్తం. కానీ మీ ఫోన్‌కు గుండ్రటి పిన్ను రంధ్రం ఉందో లేదో ముందే చూసుకో. చెవిని చుట్టూ మూసే మెత్తటి కప్పులుంటే బయటి చప్పుడు తగ్గుతది, సౌండ్ పెంచే పని ఉండదు. తల మీద పెట్టి చూసుకోవాలంటే చంద్రపూర్ గోల్ బజార్‌కు పో; పది నిమిషాలు పెట్టుకొని కూర్చో, చెవుల మీద ఒత్తిడి అప్పుడే తెలుస్తది. ఎక్కడ కొన్నా బిల్లు తీసుకో. గ్యారంటీలో ఉండి కూడా మార్చియ్యకుంటే 1915కు ఫోన్ చెయ్యి, అది వినియోగదారుల హెల్ప్‌లైన్.

తెచ్చినంక ఒక పని చెయ్యి. పాఠం నడుస్తుండగా హెడ్‌ఫోన్ ఆమె తల మీదనే ఉంచి, నువ్వు చెయ్యి చాపినంత దూరంలో కూర్చో. మాటలు నీకు వినబడుతుంటే సౌండ్ ఎక్కువున్నట్టే, తగ్గించమను. చాలా ఫోన్ల సెట్టింగుల్లో సౌండ్ ఒక హద్దు దాటకుండ కట్టేసే వీలు కూడా ఉంటది. రైలు గేటు దగ్గర, సైకిల్ మీద పెట్టుకోవద్దని చెప్పు. మీ ఆయనకు కూడా ఒక మాట: ఈ హెడ్‌ఫోన్ మిల్లులో ఇచ్చే ఇయర్ ప్లగ్‌కు బదులు కాదు, డ్యూటీకి పట్టుకపోవద్దు.

మిగతా ఇండ్లోళ్లకు నాదొక విన్నపం. మూలకు పడ్డ పాత హెడ్‌ఫోన్ ఉంటే నాలుగు ముక్కలు రాసి పెట్టెలో వెయ్యండి: ఎంతకు కొన్నరు, ఎన్ని నెలలు నడిచింది, ఎక్కడ పోయింది, మళ్లా అదే కొంటరా. పేరు రాయనక్కర లేదు గానీ, ఇంట్ల వాడిన మనిషి ఏ సెక్షన్‌లో పని చేస్తడో రాయండి. ఓ ముప్పై చీటీలు వస్తే వచ్చే నెల ఈ పేజీలోనే పట్టిక వేద్దాం.